'తొలి స్త్రీ' అన్న మాటలో దిగులు

మన సాహిత్య చరిత్రలో 'తొలి' అన్న మాట కోసం మనం చాలా పోట్లాడాం. 'దిద్దుబాటు' కంటే ఎనిమిదేళ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' రాసిందని ఒప్పించడానికి ఎన్ని వ్యాసాలు అవసరమయ్యాయో మనకు తెలుసు. ఆ పోట్లాటలో నేనూ ఉన్నాను. అందుకే పెట్రీషియా రాబర్ట్స్ హారిస్ జీవితం చదువుతూ ఒకచోట ఆగిపోయాను.

1965లో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆమెను లక్సెంబర్గ్‌కి రాయబారిగా నియమించాడు. ఆ పదవి పొందిన తొలి అమెరికన్ నల్లజాతి స్త్రీ ఆమె. గర్వంగా ఉందంటూనే కొంచెం విచారంగా కూడా ఉందంది. తొలి స్త్రీ అంటే, అంతకుముందు తమనెవరూ లెక్కలోకే తీసుకోలేదనే కదా అర్థం!

ఆమె 1924లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని మటూన్‌లో పుట్టింది. తండ్రి రైలు భోజనశాలలో వెయిటర్. హోవర్డ్ యూనివర్సిటీలో చదువుతుండగా, 1943లో, నల్లవాళ్లకు తిండి పెట్టని వాషింగ్టన్ హోటల్లో కూర్చుని నిరసన తెలిపిన విద్యార్థుల్లో ఆమె ఉంది. ఆ నిరసనలకు దారి చూపినవాళ్లలో అక్కడే లా చదువుతున్న పౌలీ మరీ ఒకరు. చరిత్ర పుస్తకాల్లో ప్రముఖంగా కనిపించే గ్రీన్స్‌బరో నిరసన జరిగింది 1960లో. పదిహేడేళ్ల ముందటి ఈ అమ్మాయిలు మాత్రం అంతగా కనిపించరు.

పెళ్లయ్యాక, న్యాయవాది అయిన భర్త ప్రోత్సాహంతో లా చదివి, 1960లో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలో తన తరగతిలో ప్రథమురాలిగా నిలిచింది. వెంటనే కేంద్ర న్యాయశాఖ క్రిమినల్ విభాగంలో ప్రభుత్వ న్యాయవాదిగా చేరింది. ఏ రాజధానిలో తనకు భోజనం పెట్టలేదో ఆ రాజధానిలోనే ప్రభుత్వం తరఫున పనిచేసింది. ఏడాది తర్వాత హోవర్డ్‌కి పాఠాలు చెప్పడానికి వెళ్లింది. అక్కణ్ణించి లక్సెంబర్గ్‌కి.

లక్సెంబర్గ్‌కి 1949లోనే పెర్ల్ మెస్టా అనే తెల్లజాతి స్త్రీని పంపారు. స్త్రీలకు చిన్న దేశాలు చాలనుకునే లెక్క ఒకటి ఇందులో ఉందని నాకనిపిస్తుంది.

1969లో ఆమె హోవర్డ్ లా స్కూలు డీన్ అయింది. విద్యార్థుల ఆందోళన వచ్చింది, యూనివర్సిటీ పెద్దలతో పొసగలేదు, ఆ ఏడాదే రాజీనామా చేసింది. ఒకప్పుడు బైఠాయించిన మనిషి ఇప్పుడు బల్లకి అవతలి వైపు ఉంది. ఈ ఘట్టాన్ని దాచిపెట్టి ఆమెను కీర్తించడం నాకిష్టం లేదు.

1977లో కార్టర్ ఆమెను గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి మంత్రిగా ఎంచుకున్నప్పుడు సెనేటర్ ప్రాక్స్‌మైర్ సందేహపడ్డాడు, పేదల బాధ ఈమెకు అర్థమవుతుందా అని. తాను వాళ్లలో మనిషినేనని, రైలు వెయిటర్ కూతుర్నని, ఎనిమిదేళ్ల కిందటి దాకా రాజధానిలో కొన్నిచోట్ల ఇల్లు కొనలేకపోయిన నల్లజాతి స్త్రీనని ఆమె జవాబిచ్చింది. అప్పటికామె పెద్ద కంపెనీల డైరెక్టరు, కాబట్టి వర్గం గురించిన ప్రశ్న తప్పు కాదు. కానీ అదే ప్రశ్న సంపన్నులైన మగ మంత్రులందరినీ అడుగుతారా? పైకొచ్చిన దళిత స్త్రీని మన దగ్గర అడిగే ప్రశ్నా ఇదే: నువ్వింకా వాళ్లలో మనిషివేనా?

మన విదేశాంగ సర్వీసులో చేరిన తొలి స్త్రీ సి.బి. ముత్తమ్మ. 1949లో చేరింది. పెళ్లి చేసుకోవాలంటే స్త్రీ ఉద్యోగిని ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన ఆ సర్వీసులో ఉండేది. పురుషులకు అలాంటిది లేదు. ముత్తమ్మ సుప్రీంకోర్టుకెక్కింది. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వివక్షను తీవ్రంగా తప్పుబట్టారు. చేరిన ముప్పై ఏళ్లకు!

హారిస్ 1985లో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. అచ్చమాంబ కోసం 'తొలి' అన్న మాట ఇకముందూ వాడతాను. అయితే ఆ పక్కనే, అన్నాళ్లు ఆ తలుపు మూసి ఉంచినదెవరో కూడా రాయాలి.