అంజూరం తిన్న కాలేయం

లిస్బన్‌లో ఫీగదు, మాడ్రిడ్‌లో ఈగదో, రోములో ఫేగతో, పారిస్‌లో ఫ్వా, బుకారెస్ట్‌లో ఫికాత్. లాటిన్ సంతతికి చెందిన ఈ అయిదు భాషలలోనూ కాలేయానికి వాడుకలో ఉన్న పేరు ఒకే మూలం నుండి వచ్చింది. సోదరభాషలలో ఒక అవయవానికి ఒకే పేరుండటంలో వింత లేదు. అయితే ఆ మూలపదానికి తొలుత కాలేయమన్న అర్థమే లేదు. లాటిన్‌లో ‘ఫీకుస్’ అంటే అంజూరం. ‘ఫికాతుమ్’ అంటే అంజూరంతో మేపినది.

ప్రాచీన రోమనులు కాలేయాన్ని ‘యెకుర్’ అనేవారు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో వైద్యగ్రంథం రాసిన సెల్సుస్ వాడిన మాట అదే. బలిపశువు కాలేయాన్ని చూసి శకునం చెప్పే పురోహితులు చేతిలోకి తీసుకున్నదీ యెకురే. ఈ విద్యలో రోమనులకు గురువులు ఎత్రుస్కనులు. వారు చేసిన గొర్రె కాలేయపు కంచు నమూనా ఒకటి 1877లో ఇటలీలోని పియాచెంజా సమీపంలో దొరికింది. దాని మీద గళ్ళు గీసి, గడికొక దేవత పేరు చెక్కారు. వైద్యంలోనూ దైవకార్యంలోనూ ఇంత స్థానమున్న మాటను చివరకు వంటవాళ్ళ మాట తరిమేసింది.

పెద్దబాతులకు అంజూరపండ్లు దండిగా తినిపించి వాటి కాలేయాన్ని పెంచే పద్ధతి గ్రీకులకు తెలుసు. అలా పెంచినదాన్ని వారు ‘సూకోతోన్ హేపర్’ అన్నారు. సూకోన్ అంటే అంజూరం. దానికి అనువాదమే ‘యెకుర్ ఫికాతుమ్’. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో హొరేస్ వర్ణించిన విందులో ఈ వంటకం కనిపిస్తుంది. ఇదే పద్ధతిని ఆడపందులకు వర్తింపజేసినవాడు అపీకియుస్ అని ప్లినీ రాశాడు: ఎండు అంజూరాలతో మేపి, ఆపై తేనె కలిపిన ద్రాక్షాసవం తాగించి చంపేవారట. తరువాతి కాలంలో అపీకియుస్ పేరుతో కూర్చిన పాకగ్రంథంలో ‘యెకుర్’ జారిపోయింది, ‘ఫికాతుమ్’ ఒక్కటే నామవాచకంగా నిలిచింది. 301లో డయోక్లీషియన్ చక్రవర్తి ప్రకటించిన గరిష్ఠ ధరల శాసనంలో పౌను పందిమాంసం 12 దెనారీలు, మేలురకం ఫికాతుమ్ 16. అప్పటికది అంగడి సరుకు పేరు. మేలురకానికి పెట్టిన పేరు క్రమంగా అన్ని రకాలకూ, ఆ తరువాత బతికున్న మనిషి కడుపులోని అవయవానికీ వ్యాపించింది. గ్రీకులోనూ ఇదే జరిగింది. నేటి గ్రీకువారు కాలేయాన్ని ‘సికోతి’ అంటారు.

ఇలాంటి మార్పు తెలుగువారికి కొత్త కాదు. నువ్వుల నెయ్యి ‘నూనె’ అయింది. ఆ మాటలో నువ్వులున్నాయన్నది మరుగున పడ్డాక వేరుసెనగ నూనె, కొబ్బరి నూనె వచ్చాయి. చివరకు ‘నువ్వుల నూనె’ అని మళ్ళీ చెప్పవలసివచ్చింది. ఫ్రెంచివారి ‘ఫ్వా గ్రా’ కథా ఇంతే. మేపి కొవ్వెక్కించిన కాలేయానికే పుట్టిన మాట ఫ్వాగా అరిగి ఉత్త కాలేయమైంది. దానికి ‘కొవ్వుపట్టిన’ అనే విశేషణం మళ్ళీ తగిలించక తప్పలేదు. రుమేనియాలో అంజూరపండును స్లావిక్ నుండి తెచ్చుకున్న ‘స్మోకినా’ అనే మాటతో పిలుస్తారు. కాబట్టి ఫికాత్‌లో అంజూరం ఉందని అక్కడివారికి తోచే వీలే లేదు.

రోమనులు మెచ్చిన ఆ రుచి వైద్యుని కంటికి ఒక వ్యాధి. అంజూరంలోని ఫ్రక్టోజును చక్కబెట్టే భారం ప్రధానంగా కాలేయానిది. మోతాదు మించితే అది కొవ్వుగా మారి అక్కడే పేరుకుంటుంది. వలసకు ముందు పెద్దబాతు కాలేయంలో కొవ్వు దాచుకోవడం సహజమే. మనిషికి వలస ప్రయాణం విమానంలో జరుగుతుంది కనుక ఆ నిల్వతో పని లేదు. ఏటా చేయించుకునే పరీక్షలలో ‘ఫ్యాటీ లివర్’ అన్న మాట చదివి ఉలిక్కిపడే ప్రవాసులు తక్కువేమీ కాదు. ఆ జబ్బు ముదిరిన దశను ఫ్రెంచి పత్రికలు ‘ఫ్వా గ్రా వ్యాధి’ అనీ, ‘సోడా వ్యాధి’ అనీ రాస్తాయి. ఆరోగ్యంగా ఉన్న అవయవాన్ని కూడా కోట్లాదిమంది నేటికీ ఒక రోగగ్రస్తమైన కాలేయం పేరుతోనే పిలుస్తున్నారు. వైద్యులు మాత్రం గ్రీకు ‘హేపర్’ను వదలలేదు, హెపటైటిస్ వంటి మాటలు దాని నుండి వచ్చినవే.

అర్థాల విషయంలో అన్నదమ్ములు ఏకమార్గంలో నడవలేదు. ఇటాలియనులకు ఫేగతో ఉన్నవాడంటే ధైర్యవంతుడు. ఫ్రెంచి వాడుకలో ‘ఫ్వాలు ఉండటం’ అంటే భయపడటం! విందు మరునాటి అజీర్తికి ఫ్రెంచివారు నిందించేది కూడా పాపం ఫ్వానే. ఇటాలియను భావం తెలుగువారికి సుపరిచితం. సంస్కృత ‘కాలేయ’ శబ్దం హిందీ, ఉర్దూలలో ‘కలేజా’ అయి, ‘ఖలేజా’గా తెలుగులోకి వచ్చి, దమ్మున్నవాడి గుణమైంది.

ఇక ఓడిపోయిన యెకుర్ సంగతి. రోమను సంతతి భాషల వాడుకలో దాని ఆనవాలు లేదు. చుట్టాలు మాత్రం తూర్పున ఉన్నారు. లాటిన్ యెకుర్, గ్రీకు హేపర్, చరక సుశ్రుత సంహితలలోని యకృత్తు ఒకే ఆదిమ పదపు రూపాలు. సంస్కృతంలో ప్రథమా విభక్తిలో ‘యకృత్’, షష్ఠిలో ‘యక్నః’. లాటిన్‌లో ‘యెకుర్’, ‘యెకినోరిస్’. రకారం పోయి నకారం వచ్చే ఈ విచిత్రమైన విభక్తి మార్పు రెండు చోట్లా ఒకేలా మిగలడం ఆ చుట్టరికానికి గట్టి సాక్ష్యం. అవెస్తాలోని ‘యాకరె’ ఈ కుటుంబానిదే. పారసీకంలో దాని రూపం ‘జిగర్’. పారసీకం నుండి ఉర్దూకు, ఉర్దూ నుండి తెలంగాణ తెలుగుకు వచ్చిన ఆ మాటతోనే హైదరాబాదు కుర్రవాడు ప్రాణస్నేహితుణ్ణి భుజం తట్టి ‘జిగ్రీ దోస్తు’ అంటున్నాడు.