హేవలాక్ వంతెన

హేవలాక్ వంతెన లేదా పాత గోదావరి వంతెన, రాజమండ్రి (2015 నుండి రాజమహేంద్రవరం), కొవ్వూరుల మధ్య గోదావరి నదిపై ఉన్న పాత రైలు వంతెన. ఇది 1900లో ప్రారంభమై 1997 వరకు రైళ్ళను మోసినది. ఒకప్పుడు ఇది రెండు జిల్లాలను కలిపెడిది. 2022 జిల్లాల పునర్విభజన తరువాత ఇరు గట్టులూ తూర్పు గోదావరి జిల్లాలోనే ఉన్నవి.

== చరిత్ర ==
1890లలో మద్రాసు-కలకత్తా రైలు మార్గం రెండు వైపుల నుండి గోదావరి దాకా వచ్చి ఆగినది. ప్రయాణికులు ఒక గట్టున బండి దిగి, పడవపై నది దాటి, ఆవలి గట్టున మరో బండి ఎక్కవలసి వచ్చేది. వంతెన పని 1897 నవంబరులో మొదలై మూడేళ్ళలోపే ముగిసినది. అంతకు మునుపు కాశీలో గంగపై డఫ్రిన్ వంతెనను నిర్మించిన ఎఫ్.టి.జి. వాల్టన్ ఇంజనీరుగా పర్యవేక్షించెను. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు దీనికి పెట్టారు. రాళ్ళు మోసి, స్తంభాలు లేపిన కూలీల పేర్లు మాత్రం ఎక్కడా కనబడవు.

== నిర్మాణం ==
రాతి స్తంభాలపై ఉక్కు దూలాలు అమర్చిన ఈ వంతెనకు 56 ఖానాలు ఉన్నవి. ఒక్కొక్క ఖానా సుమారు 45.7 మీటర్లు (150 అడుగులు). దీనిపై ఒకే రైలు మార్గం ఉండుటచే ఒక బండి దాటు వరకు ఎదుటి బండి ఆగవలసినదే. 1974లో రోడ్డు-రైలు వంతెన వచ్చువరకు రాజమండ్రి వద్ద నదిపై ఇదొక్కటే వంతెన. 1997లో కమాను వంతెన సిద్ధమగుటతో దీనికి విశ్రాంతి లభించినది.

== ప్రజల ప్రవేశం ==
రైళ్ళు ఆగినంత మాత్రమున వంతెన నడకదారి కాజాలదు. రైలు వంతెనపై అడ్డదుంగల సందులలో నుండి నీరు కనబడుచుండును; నడకకు చదునైన తలము, ఇరువైపులా గట్టి కటకటాలు, దీపాలు కావలెను. వాడుక లేని ఉక్కుకు రంగు వేయించువారు ఉండరు గనుక తుప్పు పెరుగును. కనుక ప్రజల రాకపోకలే దీని రక్షణకు మార్గమని చెప్పవచ్చు. అమెరికాలో హడ్సన్ నదిపై 1974 అగ్నిప్రమాదంతో మూతపడిన పొకీప్సీ రైలు వంతెన ఇట్లే 2009లో నడకవంతెనగా తెరవబడినది.

హేవలాక్ వంతెనను పర్యాటక స్థలముగా మార్చవలెనను ఆలోచన చాలా ఏళ్ళు కాగితములపైననే ఉండెను. 2025 జూన్ 26న రూ. 94.44 కోట్ల అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగినది. పుష్కర ఘాట్‌తో పాటు ఈ వంతెన అభివృద్ధియు అందులో చేర్చబడినది. 2027 గోదావరి పుష్కరాలను దృష్టిలో ఉంచుకొని ఈ ప్రణాళిక రూపొందినది. అయితే పుష్కరాల రద్దీకి తగినట్లు ఒకేసారి ఎందరిని అనుమతింపవచ్చునన్నది పాత దూలాల బలమును పరీక్షించి తేల్చవలసిన విషయము.