బొమ్మల పుస్తకం, వెదురు నక్షత్రం

మా ఊరు నందపూర్ జయపురం రాజుల పాత రాజధాని. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిగా ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలోదే. అందుకే మా ఇంట్లో క్రిస్మస్ కథలు ఇప్పటికీ తెలుగులోనే.

ఈ కొండల్లోకి 1880లలో జర్మనీలోని బ్రెక్లూం నుంచి లూథరన్ మిషనరీలు వచ్చారు. పండక్కి పిల్లల చేతులకు పని పెట్టడం వాళ్ల దేశంలో పాత అలవాటే. 1839లో హాంబర్గ్‌లో విషెర్న్ అనే పాస్టరు, పేద పిల్లలు క్రిస్మస్‌కు రోజులు లెక్కపెట్టుకోవడానికి బండిచక్రానికి కొవ్వొత్తులు గుచ్చాడు. 1908లో మ్యూనిక్‌లో గెర్హార్డ్ లాంగ్ అలా రోజులు లెక్కపెట్టడానికే అచ్చువేసిన క్యాలెండర్‌కు 24 బొమ్మలు. పిల్లలు రోజుకొకటి కత్తిరించి అతికించాలి. నాకైతే ఈ రెండోదే నచ్చింది. బొమ్మల పుస్తకంలోలా బొమ్మ చూసి పేజీ తిప్పేయడం కుదరదు మరి!

మా మనవడికి క్రిస్మస్ బొమ్మల పుస్తకంలో, చుక్కను చూసి వచ్చిన జ్ఞానుల బొమ్మ దగ్గర ఆగడం అలవాటు. ‘‘తాతా, మనమూ చుక్క కడదామా?’’ అంటాడు. పది వెదురు బద్దలు చాలు. ఐదేసి బద్దలతో రెండు చుక్కలు కట్టి, ఒకదానిమీద ఒకటి పెట్టి, కొసలు దారంతో బిగించాలి. లోపలి ఐదు మూలల్లో చిన్న పుల్లలు దూర్చితే పొట్ట ఉబ్బుతుంది. రంగు కాగితం మైదా జిగురుతో అంటించి, బల్బు పెట్టడానికి ఒక పక్క వదిలేయాలి. బద్దలు చీల్చడం పెద్దల పని, కాగితం పిల్లలది.

బజారులో ప్లాస్టిక్ చుక్కలు దొరుకుతాయి. ఈసారికి కొనకండి.