డ్రాకులా గారి భార్య

మా అబ్బాయి చూసే సీరియల్సు నేను చూడను. ఒక గదిలో వాడి కత్తియుద్ధాలు, ఇంకో గదిలో నా కాగితాలు. ఇదీ మా ఒప్పందం. కానీ ఆ రోజు వాడికి కాఫీ ఇవ్వడానికి వెళ్ళి గుమ్మంలోనే నిలబడిపోయాను. తెరమీద ఒక పడుచుపిల్ల. చుట్టూ కొరత వేసిన అస్థిపంజరాలు. ఎదురుగా కొండంత కోట. ఆ పిల్ల ఏమాత్రం తొణక్కుండా నడిచివెళ్ళి, కత్తి పిడితో ఆ కోట తలుపు దబదబా బాదుతోంది!

“ఎవర్రా ఆ అమ్మాయి?” అన్నాను.

“డ్రాకులా పెళ్ళాం అమ్మా. ఇంకా పెళ్ళి కాలేదులే” అన్నాడు వాడు.

కాఫీ చల్లారిపోయింది. నేను అక్కడే కూర్చుండిపోయాను.

ఆ సీరియల్ పేరు ‘కాజిల్‌వేనియా’. 2017 నుంచి 2021 దాకా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. బొమ్మల సీరియలే కదా అని చంటిపిల్లల్ని కూర్చోబెట్టేరు సుమా, రక్తం ఏరులై పారుతుంది. దానికి మూలం జపాన్‌కు చెందిన కొనామీ కంపెనీ 1986లో తెచ్చిన వీడియో గేమ్. కొరడా పట్టుకున్న వీరుడు కోటలో జొరబడి డ్రాకులాను చంపాలి. అంతే ఆట. అందులో కోట ఉంది గాని ఇల్లాలు లేదు.

మరి అసలు డ్రాకులాకు భార్య ఉండేదా? బి.ఏ.లో చరిత్ర చదివిన బుర్ర కదా, ఈ ప్రశ్న దూరాక ఊరుకోలేకపోయాను.

డ్రాకులా అనే మనిషి నిజంగానే ఉన్నాడు. ఇప్పటి రుమేనియాలో ఉన్న వలేకియా అనే చిన్న రాజ్యాన్ని ఏలిన మూడవ వ్లాడ్. తండ్రి 1431లో ‘డ్రాగన్’ వీరుల సంఘంలో చేరి ‘డ్రాకుల్’ అనిపించుకున్నాడు. డ్రాకుల్ కొడుకు కనుక ఇతను డ్రాకులా. శత్రువుల్ని కొరత వేయించడంలో పెట్టింది పేరు. 1462లో టర్కీ సుల్తాను దండెత్తి వస్తే, తర్గోవిష్టె పట్టణం దగ్గర కొరత వేసిన శవాల అడవే ఎదురయిందట. ఆ శతాబ్దం ముగిసేలోపే ఇతని క్రూరత్వం గురించి జర్మన్ భాషలో చిన్న చిన్న పుస్తకాలు అచ్చయ్యాయి. శవాల నడుమ కూర్చుని భోజనం చేస్తున్న బొమ్మతో సహా!

తిన్న తిండి దాకా రాసినవాళ్ళు అతని మొదటి భార్య పేరు మాత్రం రాయలేదు. రెండో ఆవిడ జస్టీనా. హంగరీ రాజుగారి బంధువు కనుక పేరు మిగిలింది. మొదటావిడకు మిగిలింది ఒక్క జానపద కథ. టర్కీ సైన్యం పొయెనారి కోటను చుట్టుముడితే, వాళ్ళ చేత చిక్కడం కంటే చావే నయమని కింద ఉన్న ఆర్జెష్ నదిలోకి దూకేసిందట.

1890లో ఐరిష్ రచయిత బ్రామ్ స్టోకర్ ఇంగ్లండులోని విట్బీ అనే సముద్రతీరపు ఊరికి సెలవులకు వెళ్ళాడు. అక్కడి గ్రంథాలయంలో ఒక పాత పుస్తకంలో ‘డ్రాకులా’ అన్న మాట ఆయన కంటబడింది. 1897లో నవల వచ్చింది. రాజు కాస్తా రక్తపిశాచి అయ్యాడు. ఆ నవలలోనూ కోటలో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ముగ్గురికీ పేర్లు లేవు!

నదిలో దూకిన భార్యకు 1992లో కొప్పోలా సినిమా ఎలిసబెటా అని పేరుపెట్టింది. 1997లో వచ్చిన గేమ్‌లో డ్రాకులా భార్య లీసా అయింది. సీరియల్ వాళ్ళు ఆ లీసాకు పేరుతోపాటు ఒక కోరిక కూడా ఇచ్చారు. ఆ పిల్ల తలుపు కొట్టింది మొగుడి కోసం కాదండీ, చదువు కోసం. వైద్యం నేర్చుకోవాలని!

ఆ మాట వినగానే నాకు మా వీధిలోని కామెర్ల మామ్మ గుర్తొచ్చింది. కామెర్లకు పసరుమందు ఇచ్చేది. రాత్రివేళ బిడ్డనెత్తుకుని ఆవిడ గడప తొక్కినవాళ్ళే, పొద్దున్నే ఎదురొస్తే శకునం మంచిది కాదని పక్కకు తప్పుకునేవాళ్ళు. విధవరాలు కదా!

కథలో లీసా వైద్యం నేర్చింది, డ్రాకులాను పెళ్ళాడింది, కొడుకును కన్నది. 1475లో ఆమె ఇంట్లో సీసాలూ పరికరాలూ చూసిన బిషప్, మంత్రగత్తె అని సజీవంగా కాల్పించాడు.

ఇది చరిత్ర కాదు. వలేకియాది ఆర్థడాక్స్ సంప్రదాయం. మంత్రగత్తెల వేట జోరుగా సాగింది జర్మన్ ప్రాంతాల్లో, అదీ ఎక్కువగా తర్వాతి రెండు శతాబ్దాల్లో. యూరప్ మొత్తం మీద 40 నుంచి 50 వేలమందిని చంపారని చరిత్రకారుల అంచనా. నలుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. అందరూ వైద్యం చేసినవాళ్ళేం కాదు. పొరుగింటితో తగువు పడ్డవాళ్ళు, దిక్కులేని ముసలివాళ్ళు, ఎందరో. వాళ్ళలో చాలామంది పేర్లు మనకు తెలుస్తున్నది విచారణ కాగితాల వల్లనే. బతికున్నన్నాళ్ళూ ఎవరూ రాసుకోని పేరు, కాల్చడానికి మాత్రం కావలసివచ్చింది.

సీరియల్ మీద నా ఫిర్యాదూ అదే. లీసాకు పేరిచ్చి మొదటి భాగంలోనే కాల్చేశారు. తర్వాతదంతా మొగుడి కోపం. మంటల్లో ఉండి కూడా ఈ జనానికి హాని చెయ్యవద్దని ఆవిడ వేడుకుంది. ఆయన విన్నాడా? ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టాడు. చివరికి కొడుకుతో పోరాడుతూ, ఆ కొడుకు చిన్నప్పటి గదిలో వచ్చిపడ్డాడు. ఆ గోడలకు రంగులు వేసింది తామిద్దరే. అప్పటికి గాని చెయ్యి ఆగలేదు. నేను మావాడు చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను.

ఆఖరి భాగం చివర్లో ఇద్దరూ మళ్ళీ బతికివచ్చి, ఓ సత్రం గదిలో మామూలు మొగుడూ పెళ్ళాల్లా కబుర్లు చెప్పుకుంటారు. ఏ ఊళ్ళోనో తెలుసా? విట్బీలో!

ఆ రాత్రే అమ్మకు ఫోన్ చేశాను.

“అమ్మా, మన కామెర్ల మామ్మ అసలు పేరేమిటే?”

అమ్మ చాలాసేపు ఆలోచించింది.

“ఏమోనే, కామెర్ల మామ్మే కదా” అంది.