కరెంటు నీరా, జనమా?

విద్యుత్ వలయంలో ఒక బ్యాటరీ ఉంది. పక్కన ఇంకోటి సమాంతరంగా కలిపితే కరెంటు పెరుగుతుందా? బ్యాటరీని అలాగే ఉంచి, రెండో నిరోధకాన్ని సమాంతరంగా కలిపితే? డెడ్రి జెంట్నర్, డొనాల్డ్ జెంట్నర్ 1983లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికా విద్యార్థులకు ఇచ్చిన లెక్కలు ఇలాంటివే. కరెంటును మనసులో ఎలా ఊహించుకున్నారని కూడా వాళ్లను అడిగారు. కొందరు గొట్టంలో పారే నీరన్నారు. కొందరు తోసుకుంటూ కదిలే జనమన్నారు.

ఆ తేడా జవాబుల్లో బయటపడింది. నీటిని ఊహించుకున్నవాళ్లు బ్యాటరీల లెక్క బాగా చేశారు. ట్యాంకు మీద ట్యాంకు పెడితే నీటి ఒత్తిడి పెరుగుతుంది, పక్కపక్కన పెడితే పెరగదు. జనాన్ని ఊహించుకున్నవాళ్లు నిరోధకాల లెక్కలో ముందున్నారు. వాళ్లకు నిరోధకమంటే ఇరుకు గేటు, పక్కనే రెండో గేటు తెరిస్తే ఎక్కువమంది బయటపడతారు. నీటి ఊహలో అదే నిరోధకం దారికి అడ్డుపడే వస్తువు. అడ్డంకులు రెండైతే కరెంటు తగ్గాలనిపిస్తుంది, అక్కడే జవాబు తప్పుతుంది. మనిషి ఆలోచనే రూపకాల మీద నడుస్తుందని జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో వాదించారు. ఆ మాటకు ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకడం కష్టం. విద్యార్థి రాతలో రూపకాన్ని పట్టుకోగలిగితే, అతను ఎక్కడ తడబడతాడో టీచరుకు ముందే తెలుస్తుంది.

ఈ పనికి కంప్యూటరు పనికొస్తుందా అన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది. కంప్యూటరుతో వ్యాసాలు దిద్దించవచ్చని 1966లోనే ఎలిస్ పేజ్ రాశారు గానీ, ఆయన పద్ధతి వ్యాసం పొడవులాంటి పైపై కొలతలతో నడిచింది. అర్థం వైపు నుంచి వచ్చినవారు బ్రిటిష్ శాస్త్రవేత్త యోరిక్ విల్క్స్. 1978 నాటి పత్రంలో ఆయన ఉదాహరణ పెట్రోలు తాగే కారు. తాగాలంటే ప్రాణం ఉండాలి, కారుకు లేదు. పొంతన కుదరని ఆ చోటే యంత్రం ఆగి ఆలోచించాలన్నారు.

చక్కని ఊహే. కానీ సైన్సు రాతలో పొంతన తప్పినట్టే కనిపించదు. కరెంటు ప్రవహిస్తుందని పాఠ్యపుస్తకమే చెబుతుంది. వేడీ అంతే. 1789లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజే ఇచ్చిన మూలకాల జాబితాలో 'కెలోరిక్' అనే ఉష్ణ పదార్థం కూడా ఉంది. ఆ సిద్ధాంతం ఎప్పుడో పోయింది, వేడి మాత్రం ఇంకా వాక్యాల్లో ప్రవహిస్తూనే ఉంది. ఇలా వాడుకలో అరిగిపోయిన రూపకాలను జేమ్స్ మార్టిన్ పట్టించుకున్నారు. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లు ప్రోగ్రామును 'చంపడం' గురించి అడిగితే అర్థం చేసుకునేలా, తెలిసిన రూపకాలను ముందే యంత్రానికి అందించి, వాటి ఆధారంగా కొత్తవాటిని గ్రహించే మిడాస్ అనే వ్యవస్థను రూపొందించారు. దానిపై ఆయన పుస్తకం 1990లో వచ్చింది.

అసలు ఏది రూపకం? దీని మీద మనుషులే ఒక మాటకు రావాలి కదా. పదిమంది పరిశోధకులు తమ పేర్ల మొదటి అక్షరాలు కలిపి 'ప్రాగల్‌జాజ్' అని పేరు పెట్టుకుని, 2007లో ఒక పద్ధతి ప్రకటించారు. ప్రతి పదానికీ ఆ సందర్భంలో ఉన్న అర్థం చూడాలి, అంతకంటే మౌలికమైన అర్థం ఉందేమో చూడాలి, రెండూ వేరై పోలికతో కలుస్తుంటే గుర్తు పెట్టాలి. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు దాన్నే విస్తరించి సుమారు 1,90,000 పదాల ఇంగ్లిషు రాతను జల్లెడ పట్టారు. కథల్లో దాదాపు 12 శాతం పదాలు రూపకాలుగా తేలితే, విద్యావిషయక రచనల్లో 18.5 శాతం తేలాయి. కావ్యాల్లోనే రూపకాన్ని వెతకడం అలవాటైన మనకు ఈ అంకె కొత్త దారి చూపిస్తుంది.

విద్యార్థుల రాత దగ్గరికి ఈ పనిని తెచ్చింది టోఫెల్ పరీక్ష నిర్వహించే ఈటీఎస్ సంస్థ. అక్కడి బియాటా బీగ్‌మన్ క్లెబనోవ్, మైఖేల్ ఫ్లోర్ 2013లో 116 పరీక్షా వ్యాసాలను పరిశీలించారు. రూపకాల శాతం ఎక్కువున్న వ్యాసాలకు మార్కులూ ఎక్కువే వచ్చాయి. తర్వాత టోఫెల్ వ్యాసాల నుంచి 240 తీసి రూపకాలు గుర్తించారు. అవి వచ్చిన పెద్ద సంకలనంలో 11 మాతృభాషల వాళ్లు ఇంగ్లిషులో రాసిన 12,100 వ్యాసాలున్నాయి, వాటిలో 1,100 తెలుగువాళ్లవి. 2018లో, 2020లో యంత్రాలతో రూపకాలు పట్టించే పోటీలు జరిగాయి. రెండో పోటీలో ముందు నిలిచినవి చుట్టుపక్కల పదాలన్నీ చూసి అర్థం అంచనా వేసే కొత్త తరం భాషా నమూనాలు.

అయితే ఆ పోటీలో యంత్రాన్ని అడిగింది ఈ పదం రూపకమా, కాదా అని మాత్రమే. అలాంటి గుర్తు 'ప్రవహించు' మీద పడితే నీటి ఊహతో సరైన జవాబు చేరుకున్న విద్యార్థీ, తప్పిన విద్యార్థీ ఒకేలా కనిపిస్తారు. కరెంటును ఎలా ఊహించుకున్నారని జెంట్నర్లు అడిగిన ప్రశ్నకు అందులో చోటు లేదు. దానికి చోటివ్వాలంటే విద్యార్థి ఏ ఊహతో మొదలుపెట్టాడు, ఆ ఊహ ఏ వాక్యం దగ్గర అతన్ని తప్పుదారి పట్టించింది అన్నది మనుషులు ముందు గుర్తించి పెట్టాలి. వ్యాసాలు చదివే టీచర్లు లేకుండా ఆ పని మొదలు కూడా కాదు.