విమాన ఇంజను బ్రేక్-ఇన్

బ్రేక్-ఇన్ అనగా కొత్తగా తయారైన లేదా ఓవర్‌హాల్ చేయబడిన విమాన ఇంజనులో పిస్టను రింగులు సిలిండరు గోడలకు సరిగా అమరేంతవరకు ఆ ఇంజనును నిర్ణీత పద్ధతిలో నడపడం. దీనిని రన్నింగ్-ఇన్ అని కూడా అంటారు. సెస్నా 152, సెస్నా 172 వంటి తేలికపాటి విమానాలలో ఉండే, గాలితో చల్లబడే పిస్టను ఇంజన్లకు ఇది ముఖ్యమైనది. సికింద్రాబాదులోని కార్ఖానాకు సమీపాన ఉన్న బేగంపేట విమానాశ్రయంలో పైలట్ల శిక్షణకు ఈ రకం విమానాలను వాడుతూ వచ్చారు.

జరిగే విధానం

తయారీలోనే సిలిండరు లోపలి గోడపై సన్నని అడ్డగీతలు గీస్తారు. దీనిని హోనింగ్ అంటారు. ఇంధనం మండినపుడు పుట్టే పీడనం రింగులను గోడకు గట్టిగా నొక్కుతుంది. అప్పుడు గీతల అంచులు రింగులతో ఒరుసుకొని కొద్దిగా అరిగి, రెండు తలాలు ఒకదానికొకటి అమరుతాయి. గీతల లోతులలో నిలిచిన ఆయిల్ కందెనగా పనిచేస్తుంది.

తక్కువ శక్తితో నడిపితే ఈ పీడనం చాలదు. గోడపై మిగిలిన ఆయిల్ వేడికి మాడి గాజు వంటి గట్టి పూతగా మారుతుంది. దీనిని గ్లేజింగ్ అంటారు. ఇది ఏర్పడితే రింగులు ఇక అమరవు, ఆయిల్ ఖర్చు తగ్గదు. సిలిండర్లు విప్పి మళ్ళీ హోనింగ్ చేయవలసి వస్తుంది. కావున కొత్త ఇంజనును సున్నితంగా నడపాలనే అభిప్రాయం ఇక్కడ హానికరం.

పద్ధతి

* మొదటిసారి నడిపే ముందు ఇంజను భాగాలకు ఆయిల్ చేరేటట్లు చూడాలి.
* నేలపై చల్లగాలి చాలినంత అందదు కనుక ఎక్కువసేపు నడపరాదు.
* టేకాఫ్ పూర్తి శక్తితో చేయాలి. పైకి ఎక్కేటపుడు వేగం కొంత ఎక్కువగా ఉంచితే సిలిండర్లు చల్లబడతాయి.
* లైకమింగ్ సంస్థ సూచన ప్రకారం మొదటి గంట 75% శక్తితోను, రెండవ గంట 65%, 75% మధ్య మారుస్తూను నడపాలి.
* దిగేటపుడు శక్తిని క్రమంగా తగ్గించాలి.

సాధారణంగా మొదటి 50 గంటలు, లేదా ఆయిల్ ఖర్చు నిలకడకు వచ్చేవరకు, రసాయనాలు కలపని మినరల్ ఆయిల్ వాడతారు. టర్బోచార్జరు గల లైకమింగ్ ఇంజన్లు దీనికి మినహాయింపు. ఆయిల్ ఖర్చు స్థిరపడటం, సిలిండరు తల ఉష్ణోగ్రత తగ్గడం బ్రేక్-ఇన్ పూర్తయినదనుటకు గుర్తులు.

వాతావరణ ప్రభావం

గాలి పలుచబడిన కొద్దీ ఇంజను శక్తి తగ్గుతుంది. టర్బోచార్జరు లేని ఇంజను సుమారు 8,000 అడుగులు దాటిన తరువాత 75% శక్తిని ఇవ్వలేదు. బేగంపేట సముద్రమట్టానికి 531 మీటర్ల ఎత్తున ఉన్నది. వేసవిలో 40 డిగ్రీల సెల్సియస్ వేడిలో అక్కడి నేలమీది గాలి సుమారు 5,000 అడుగుల ఎత్తున ఉండే గాలి వలె పలుచబడుతుంది. సిలిండర్లు కూడా త్వరగా వేడెక్కుతాయి. అందువలన ఇటువంటి చోట్ల తెల్లవారుజామున, తక్కువ ఎత్తులో ఎగరడం మేలు.

తదుపరి సంరక్షణ

ఫిల్టరు ఉన్న ఇంజనులో ప్రతి 50 గంటలకు లేదా 4 నెలలకు, ఏది ముందైతే అప్పుడు, ఆయిల్ మార్చాలి. తీసిన ఫిల్టరును కోసి లోహపు రజను ఉన్నదేమో పరిశీలిస్తారు. వానాకాలంలో విమానం కదలక ఉంటే లోపల చేరిన తేమ వలన సిలిండర్లు, క్యామ్‌షాఫ్టు తుప్పు పడతాయి. నేలపై కొద్దిసేపు నడిపితే తేమ పోదు, పైగా పెరుగుతుంది. ఆయిల్ బాగా వేడెక్కేటట్లు కనీసం ఒక గంట ఎగరడమే సరైన మార్గం. సెస్నా 152లోని ఓ-235 ఇంజనుకు ఓవర్‌హాల్ గడువు 2,400 గంటలు. ఇంజను అంతకాలం మన్నడం చాలావరకు మొదటి గంటలపైన, తరువాతి క్రమమైన వాడకంపైన ఆధారపడి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* బేగంపేట విమానాశ్రయం
* అంతర్దహన యంత్రం
* సెస్నా 172