స్త్రీ యనగా నెవ్వరు? అమెరికా స్త్రీల యుద్యమములో నొక పాత తగవు

సంఘమును స్థాపించువారికి మొదట నెదురగు ప్రశ్న యొకటి కలదు. ఈ సంఘ మెవరిది? అందఱిదియు నని చెప్పుట సులభమే. తీర్మానములు వ్రాయునప్పుడును, వేదికపై పీఠములు వేయునప్పుడును గాని ఆ మాటయొక్క నిజము తేలదు. అమెరికాలో స్త్రీల హక్కులకై సాగిన యుద్యమము ఈ ప్రశ్నతో నూటయేబది యేండ్లకు పైగా పెనగులాడినది. ఏటేట మహాసభ జరుపుకొని తీర్మానములు చేయు మనబోటివారికి ఆ చరిత్ర తెలిసికొనదగినది కావున, సంగ్రహముగా విన్నవించుచున్నాను.

ఒహాయో రాష్ట్రమునందలి ఆక్రన్ పట్టణమున 1851వ సంవత్సరము మే నెలలో స్త్రీల సభ జరిగెను. బానిసగా పుట్టి స్వతంత్రురాలైన సొజర్నర్ ట్రూత్ అను నల్లజాతి స్త్రీ అందు ప్రసంగించెను. తాను దున్నినదానననియు, కోసినదానననియు, బలమున నే మగవానికిని తీసిపోననియు ఆమె చెప్పిన దాని సారము. స్త్రీలు సుకుమారులు, వారికి హక్కు లేల యను వాదము పొలములో పాటుపడు స్త్రీ యెదుట నిలువలేదు. అయితే ఆ ప్రసంగము మనకు రెండు రూపములలో దక్కినది. ఒకటి మఱుసటి నెలలోనే యొక పత్రికలో వెలువడినది. రెండవది పండ్రెండేండ్ల పిమ్మట, 1863లో, ఆ సభకు అధ్యక్షత వహించిన ఫ్రాన్సెస్ గేజ్ అను తెల్ల స్త్రీ వ్రాసి ప్రకటించినది. లోకప్రసిద్ధమైనది ఈ రెండవదే. ఇందులో ట్రూత్ దక్షిణదేశపు బానిసల యాసలో మాటలాడినట్లున్నది. కాని ఆమె పుట్టినది న్యూయార్కు రాష్ట్రములో, చిన్ననాట నేర్చినది డచ్చిభాష. మేలుకోరి వ్రాసిన చేతిలోనే ఒక మనిషి మాట ఎంత మాఱిపోవునో చూడుడు!

1866వ సంవత్సరము మే నెలలో న్యూయార్కు నగరమున జరిగిన సభలో ఫ్రాన్సెస్ ఎలెన్ వాట్‌కిన్స్ హార్పర్ అను నల్లజాతి కవయిత్రి మాటలాడెను. భర్త అప్పులతో మరణింపగా తన యింటి పాత్రసామగ్రి సైతము పట్టుకొనిపోయిన విధమును ఆమె వర్ణించెను. స్త్రీగా తనకు కలిగిన యన్యాయమది. అంతటితో నాగక, వీధిబండ్లలో నల్లవారికి జరుగు నవమానమును జ్ఞప్తి చేసి, దానిని సరిదిద్దుట స్త్రీల పని కాదా యని తెల్ల స్త్రీలను నిలదీసెను. ఆ మహాసభయే జాతిభేదము, స్త్రీపురుష భేదము లేని సమానహక్కుల సంఘముగా మాఱినది. ఆ సంఘము మూడేండ్లు మాత్రమే నిలిచెను.

1868లో అమలునకు వచ్చిన పదునాలుగవ సవరణము అమెరికా రాజ్యాంగమున మొదటిసారిగా ‘పురుషుడు’ అను మాటను ప్రవేశపెట్టెను. పదునైదవ సవరణము జాతినిబట్టి వోటు నిరాకరింపరాదనెను, స్త్రీల యూసెత్తలేదు. 1869 మేలో సంఘసభ్యులు ఈ విషయమై తగవులాడిరి. నల్లవారిని ఉరితీయుచున్న దేశములో వోటు తమకు ప్రాణసమస్య యని ఫ్రెడరిక్ డగ్లస్ వాదించెను. నల్ల స్త్రీలకు మాత్రము అట్లు కాదా యని సభలోనుండి ప్రశ్న వచ్చెను. అవును, కాని అది స్త్రీ యైనందున గాదు, నల్లదైనందున నని యాయన బదులు చెప్పెను. ఎలిజబెత్ కేడీ స్టాంటన్, సూసన్ ఆంథొనీ గార్లు సమ్మతింపలేదు. స్త్రీలను మరల వెనుకకు నెట్టుచున్నారను స్టాంటన్ గారి యావేదన న్యాయమైనదే; దానికై ఆమె నల్లవారిని గూర్చియు, వలసవచ్చినవారిని గూర్చియు పలికిన మాటలు క్షమింపదగినవి కావు. హార్పర్ గారు డగ్లస్ పక్షమున నిలిచిరి. సంఘము చీలెను. ఆ యేడే రెండు స్త్రీసంఘములు వెలసి, 1890 వఱకు వేఱువేఱుగానే యుండెను.

1913 మార్చి 3వ తేదీన వాషింగ్టన్‌లో వోటుకొఱకు స్త్రీలు గొప్ప యూరేగింపు నడపిరి. దక్షిణాది తెల్ల స్త్రీలు అలుగుదురను భయమున, ఐడా వెల్స్ గారిని వెనుక వరుసలో నడువుమనిరి. ఆమె యొప్పుకొనలేదు. ప్రేక్షకులలో నిలిచియుండి, తన ఇల్లినాయి రాష్ట్రపు దళము వచ్చినంతనే అందులో కలిసి నడచెను. 1920లో స్త్రీలకు వోటు వచ్చెను. దక్షిణాది నల్లస్త్రీలలో ననేకులకు అది 1965 నాటి చట్టము వఱకు కాగితముపైననే యుండెను.

1963లో బెటీ ఫ్రీడన్ గారి గ్రంథము చదువుకొన్న గృహిణుల విసుగును లోకమునకు తెలిపెను. ఆ గృహిణి ఉద్యోగమునకు పోయినచో ఆమె పిల్లలను చూచుకొను స్త్రీ యెవ్వరని బెల్ హుక్స్ తరువాత ప్రశ్నించిరి. బోస్టనులోని నల్లస్త్రీలు కొందఱు 1977లో ప్రకటించిన పత్రము జాతి, వర్గ, స్త్రీపురుష సంబంధములందలి పీడన లొకదానితో నొకటి పెనవేసికొనియున్నవని చాటెను.

ఇంతకును ఈ చిక్కు న్యాయస్థానములో బయటపడిన తీరు విచిత్రము. ఐదుగురు నల్లస్త్రీలు జనరల్ మోటార్స్ కంపెనీపై దావా వేసిరి. కంపెనీ 1964కు ముందు నల్లస్త్రీలను పనిలో పెట్టుకొనలేదు. తరువాత వచ్చినవారిని ముందుగా తొలగించు పద్ధతి ననుసరించుటచే, పని తగ్గిన కాలమున వారే పోయిరి. 1976లో న్యాయస్థానము దావాను త్రోసివేసెను. కంపెనీలో స్త్రీలు, అనగా తెల్లస్త్రీలు, ఉన్నారు. నల్లవారు, అనగా పురుషులు, ఉన్నారు. రెంటిని కలిపి వేఱొక ఫిర్యాదు చేయరాదనిరి! కింబర్లీ క్రెన్‌షా అను న్యాయశాస్త్ర పండితురాలు 1989లో ఈ తీర్పును విమర్శించుచు, కూడలిలో నిలిచినవానిని ఏ త్రోవ బండి యైనను గ్రుద్దవచ్చునను పోలికతో ‘ఇంటర్‌సెక్షనాలిటీ’ యను పేరు పెట్టిరి.

దీనిని ఆక్షేపించువారును స్త్రీవాదులలో కలరు. ఇట్లు విభజించుచు పోయిన స్త్రీ యను సామాన్యనామమే మిగులదని కొందఱి భయము. అన్ని బాధలను మోయబోయిన సంఘము ఏ పనియు ముగింపలేదని మఱికొందఱి వాదము. రెండవ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. ఒక్క పనియే పెట్టుకొన్న వోటు సంఘములు దానిని సాధించినవి గదా! కాని ఆ ఒక్క పనిని నిర్ణయించినవా రెవ్వరో, దాని మూల్యము చెల్లించినవా రెవ్వరో పై చరిత్రయే చెప్పుచున్నది.

మన తెలుగునను ఈ తగవు లేకపోలేదు. 1993 నాటి ‘నీలిమేఘాలు’ స్త్రీవాద కవిత్వమునకు పేరుతెచ్చినది. పదేండ్లకు, 2003లో, గోగు శ్యామల గారు దళిత స్త్రీల రచనలను ‘నల్లపొద్దు’ అను సంపుటముగా కూర్చిరి. 1921 మొదలు 2002 వఱకు వ్రాసినవి అందు గలవు. ఎనుబది యేండ్ల రచనలు. అంతవఱకు వానిని ఒకచోట చేర్చినవారు లేకపోయిరి.